పేగు క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకిందన్నారా? ఆపరేషన్ గురించి ఎలా అడగాలి, ఎలా సిద్ధపడాలి

2023 డిసెంబరులో మా అక్క సీటీ రిపోర్టు నా చేతికి వచ్చింది. ఒడిశాలోని రాయగడలో నాది జిరాక్స్, డీటీపీ షాపు. రోజూ ఎవరివో ఒకరి రిపోర్టులు కాపీ తీస్తూనే ఉంటాను. ఆ కాగితాన్ని మిషను మీద పెట్టడానికి మాత్రం చెయ్యి రాలేదు. అంతకు రెండేళ్ల ముందు, 2021 సెప్టెంబరులో, అక్కకు పెద్దపేగు చివరి భాగంలో, అంటే డాక్టర్లు రెక్టమ్ అనే చోట, క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది. కొన్నాళ్లు పొట్ట మీద సంచితో తిరిగింది, కీమో పెట్టించుకుంది, సంచి తీసేశారు, మళ్లీ పొలానికి వెళ్లడం మొదలుపెట్టింది. గండం గడిచిందనుకున్నాం. ఆ రిపోర్టులో కుడి ఊపిరితిత్తిలో రెండు గడ్డలు, ఎడమవైపు ఒక చిన్న మచ్చ ఉన్నాయని రాశారు.

మొదట చూపించిన డాక్టరు ఫిల్ము ఒక్క నిమిషం చూసి, "లంగ్స్‌కి పాకిపోయింది, నాలుగో స్టేజీ. ఇంటికి తీసుకెళ్లి బాగా చూసుకోండి" అన్నారు. బావ బయటికొచ్చి బెంచీ మీద కూలబడ్డాడు. అక్క నన్నే చూస్తూ, "ఏటిరా, ఇంకేటీ చెయ్యరా?" అంది.

ఐదు నెలల తర్వాత, 2024 మేలో, విశాఖపట్నంలో ఆ కుడివైపు గడ్డలు రెండూ తీసేశారు. మధ్యలో ఆ ఐదు నెలలూ మేము తిరిగిన తిరుగుడులో సగం, ముందే తెలిసుంటే తప్పేది. ఇప్పుడు గుణుపురం నుంచి, బిస్సంకటక్ నుంచి, కోరాపుట్ వైపు నుంచి ఫైళ్లు పట్టుకుని షాపుకొచ్చే మనవాళ్లకి నోటితో చెబుతున్నదే ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. ఏ మందు వాడాలో, ఏ ఆపరేషన్ చేయించాలో నేను చెప్పను. ఎవరిని కలవాలో, ఏం అడగాలో, చేతిలో ఏం ఉండాలో చెబుతాను.

అన్నిటికంటే ముందు ఒక మాట. ఆపరేషన్ కుదరదన్న మాట ఊపిరితిత్తుల ఆపరేషన్లు చేసే సర్జన్ నోటి నుంచి వచ్చేదాకా ఇంటికి తిరిగి రాకండి. స్కాన్ చూసి ఆయనే కుదరదంటే అప్పుడు మిగతా దారులు చూద్దాం. ఆయన్ని అడగకుండానే వెనక్కి వచ్చేసినవాళ్లని చాలామందిని చూశాను. అది నా గుండెకి పట్టుకుంది.

లంగ్ క్యాన్సర్ కాదు, పేగు క్యాన్సరే

పేగులో పుట్టిన క్యాన్సర్ కణాలు రక్తంలో కలిసి ఊపిరితిత్తుల్లో దిగుతాయి. అక్కడ పెరిగినా అది పేగు క్యాన్సరే, అందుకే పేగు క్యాన్సర్‌కి ఇచ్చే కీమోనే ఇస్తారు. పెద్దపేగు నుంచి వెళ్లే రక్తం ఎక్కువభాగం ముందు కాలేయానికి చేరుతుంది కాబట్టి కాలేయానికి పాకడం ఎక్కువ. రెక్టమ్ కింది భాగం రక్తం మాత్రం కాలేయాన్ని దాటుకుని నేరుగా గుండె వైపు, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే దారి ఉంది. అక్కకి కాలేయం శుభ్రంగా ఉండి ఊపిరితిత్తుల్లో కనబడటానికి కారణం అదే కావచ్చని మాకు ఆ తర్వాత చెప్పారు.

నాలుగో స్టేజీ అన్న మాట నిజమే. కానీ ఆ మాట కింద ఒళ్లంతా పాకినవాళ్లూ ఉంటారు, ఒక్క ఊపిరితిత్తిలో రెండే గడ్డలున్నవాళ్లూ ఉంటారు. ఇద్దరి దారీ ఒకటి కాదు.

ఇంకోటి. పేగు క్యాన్సర్ వచ్చిన మనిషి ఊపిరితిత్తుల్లో కనబడిన ప్రతి మచ్చా క్యాన్సర్ కాదు. మన దేశంలో టీబీ వచ్చి మానిన గుర్తులు చాలామందిలో ఉంటాయి, అవీ గుండ్రటి మచ్చల్లాగే కనబడతాయి. అనుమానం ఉంటే సీటీ చూస్తూ సూదితో ముక్క తీస్తారు, లేదా రెండు మూడు నెలలు ఆగి మళ్లీ స్కాన్ చేసి పెరిగిందా అని చూస్తారు. అలా ఆగమంటే మనల్ని పట్టించుకోవట్లేదనుకుని టెన్షన్ పడొద్దు. ఇంట్లో ఎవరికైనా, ఎప్పుడైనా టీబీ వచ్చి ఉంటే అది మాత్రం తప్పకుండా చెప్పండి.

ఎవరిని కలవాలి, ఏం అడగాలి

మీరు కలవాల్సింది థొరాసిక్ సర్జన్‌ని, లేదా ఛాతీ ఆపరేషన్లు తరచుగా చేసే క్యాన్సర్ సర్జన్‌ని. ఆయన ఒక్కరితోనే అయిపోదు. కీమో ఇచ్చే డాక్టరు, స్కాన్లు చదివే డాక్టరు, రేడియేషన్ డాక్టరు, సర్జన్ కలిసి కూర్చుని ఒక్కో కేసు మాట్లాడుకోవడాన్ని ట్యూమర్ బోర్డు అంటారు. "మా కేసు ట్యూమర్ బోర్డులో పెడతారా సార్?" అని అడగండి. అది అడగడానికి భయపడాల్సిన ప్రశ్న కాదు.

మా వైపు నుంచి విశాఖ వెళ్లేవాళ్లు ఎక్కువ. అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఒడిశాలోనే చూపించుకోవాలంటే కటక్‌లో ఆచార్య హరిహర్ క్యాన్సర్ సంస్థ, భువనేశ్వర్‌లో ఎయిమ్స్ ఉన్నాయి. కదలలేని పరిస్థితి అయితే, టాటా మెమోరియల్, నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ నిపుణుల అభిప్రాయం నవ్య అనే ఆన్‌లైన్ సేవలో తెప్పించుకోవచ్చు. రిపోర్టులన్నీ స్కాన్ చేసి పెట్టాలి. నా షాపులో ఇద్దరికి ఆ పని చేసి పెట్టాను.

సర్జన్ ఏం చూస్తారో తెలిసి ఉంటే ప్రశ్నలు అవే వస్తాయి. పేగులో మొదటి క్యాన్సర్ పూర్తిగా తీసేశారా, అక్కడ మళ్లీ ఏమీ లేదా? ఊపిరితిత్తులు కాక ఇంకెక్కడైనా ఉందా? కాలేయంలో ఉంటే అదీ తీయగలిగేదేనా? ఊపిరితిత్తుల్లో కనబడుతున్నవన్నీ ఒక్కటీ మిగలకుండా తీయగలరా? అన్నీ తీశాక మిగిలే ఊపిరితిత్తి ఆ మనిషికి సరిపోతుందా? వీటన్నిటికీ జవాబు బాగుంటేనే ఆపరేషన్ మాట. నాలుగు గడ్డల్లో మూడు తీసి ఒకటి వదిలేస్తే లాభం లేదు.

గడ్డలు తక్కువగా ఉండటం, మొదటి ఆపరేషన్‌కీ వీటికీ మధ్య ఎక్కువ కాలం గడిచి ఉండటం, రక్తంలో సీఈఏ (పేగు క్యాన్సర్ ఉంటే చాలామందిలో పెరిగే పదార్థం) తక్కువగా ఉండటం, ఛాతీ మధ్యలోని లింఫు గ్రంథులకు పాకకపోవడం మంచి లక్షణాలు. అక్కకి మధ్యలో రెండేళ్లు గడిచాయి, గ్రంథులు శుభ్రంగా ఉన్నాయి. సీఈఏ మాత్రం పెరిగింది.

స్కాన్ ఎలా చూస్తారో ఒకసారి చూపించమని అడగండి. మా సర్జన్ కంప్యూటర్లో అక్క సీటీ పెట్టి మౌసు చక్రం తిప్పారు. ఊపిరితిత్తి పైనుంచి కిందికి పొరలు పొరలుగా జారింది. తెల్లటి చుక్కలు బోలెడు కనబడ్డాయి. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. "ఇవన్నీ రక్తనాళాలు. చూడండి, తిప్పుతుంటే చుక్క పక్కకి జరుగుతూ పోతోంది, కొమ్మలా సాగుతోంది" అన్నారు. ఇంకొంచెం తిప్పితే ఒక గుండ్రటి చుక్క వచ్చింది, పెద్దదైంది, మళ్లీ చిన్నదై మాయమైంది. పక్కకి జరగలేదు. "ఇదీ గడ్డ. పద్నాలుగు మిల్లీమీటర్లు." రెండోది తొమ్మిది మిల్లీమీటర్లు, ఊపిరితిత్తి అంచున. రెండూ కుడివైపు కింది భాగంలోనే. ఎడమవైపుది ఆరు మిల్లీమీటర్లు. చురుగ్గా ఉన్న క్యాన్సర్‌ని వెలుగులా చూపించే పెట్ స్కాన్‌లో అది వెలగలేదు కానీ, అంత చిన్నవాటిలో పెట్ స్కాన్ మాట నమ్మలేమన్నారు. ఆ పది నిమిషాల్లో మాకు ధైర్యం వచ్చింది. ఎందుకంటే మొదటిసారి మేము దేనితో పోరాడుతున్నామో కంటితో చూశాం.

మరొకటి కూడా ఆయన దాచకుండా చెప్పారు, అందుకే ఆయన మీద గౌరవం. ఏరి ఎంచి ఆపరేషన్ చేసినవాళ్లలో ఐదేళ్ల తర్వాత బతికున్నవాళ్లు వందకి 40 నుంచి 60 మంది దాకా అని చాలా ఆసుపత్రుల లెక్కలు చెబుతాయి. కానీ వాళ్లు ముందే బలంగా ఉన్నవాళ్లు, గడ్డలు తక్కువున్నవాళ్లు. ఆపరేషన్ లేకపోయినా వాళ్లలో కొందరు బాగానే ఉండేవాళ్లేమో. ఇది తేల్చడానికి బ్రిటన్ నుంచి పల్మిక్ అనే పరీక్ష నడిపారు, లాటరీ తీసినట్టు కొందరికి ఆపరేషన్ చేసి, కొందరికి చెయ్యకుండా. చేరేవాళ్లు లేక 93 మంది దగ్గరే ఆగిపోయింది. ఆపరేషన్‌తో స్పష్టమైన లాభం అందులో కనబడలేదు, అంత తక్కువ మందితో లాభం లేదని తేల్చడమూ కుదరదు. కాబట్టి ఎవరైనా "ఆపరేషన్ చేస్తే గ్యారంటీగా తగ్గిపోతుంది" అంటే ఇంకో డాక్టర్ని అడగండి. "ఏమీ లాభం లేదు" అన్నా ఇంకో డాక్టర్ని అడగండి. మేము అంతా విని, అక్కనే అడిగాం. "తీయించేస్తాను" అంది.

కత్తి కాక వేరే దారులూ ఉన్నాయి. గడ్డ చిన్నదై, మనిషి ఆపరేషన్‌కి తట్టుకోలేకపోతే గురిచూసి ఎక్కువ మోతాదులో ఇచ్చే రేడియేషన్ ఉంది, దాన్ని ఎస్‌బీఆర్‌టీ అంటారు. సూది గుచ్చి వేడితో గడ్డని కాల్చే పద్ధతీ ఉంది. "మా కేసులో అవి పనికొస్తాయా?" అని అడగండి.

ఫైలు

ఇది నా పని కాబట్టి కొంచెం ఎక్కువ చెబుతాను. మేము నష్టపోయిందీ ఇక్కడే.

అక్క ఆధార్ కార్డు ఒడిశాది. అందులో ముందు పేరు, చివర ఇంటిపేరు. విశాఖలో మేము వెళ్లిన ఒక ఆసుపత్రిలో మన అలవాటు ప్రకారం ఇంటిపేరు ముందు రాసుకున్నారు. పెట్ స్కాన్ తీసినచోట ఆధార్ ప్రకారం రాశారు. కంప్యూటర్లో ఇద్దరు మనుషులైపోయారు. రెండోసారి వెళ్లినప్పుడు "ఈవిడ పాత స్కాన్ మా దగ్గర లేదు" అన్నారు. కొత్త స్కాన్‌ని పాతదానితో పోల్చకుండానే రిపోర్టు ఇచ్చేశారు. గడ్డ పెరిగిందా తగ్గిందా అన్నదే తెలియాల్సిన చోట అదే తెలియలేదు. సరిచేయించడానికి పన్నెండు రోజులు పట్టింది. మీరు మొదటి రోజే, రిజిస్ట్రేషన్ కౌంటర్ దగ్గరే, ఆధార్ చూపించి అక్షరం అక్షరం అలాగే రాయించండి. స్పెల్లింగ్ కూడా. ప్రభుత్వ ఆరోగ్య స్కీము కార్డులో పేరు తేడా ఉంటే ఊళ్లో ఉండగానే సరిచేయించుకోండి.

స్కాన్ రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు, సర్జన్‌కి బొమ్మలు కావాలి. సీడీ అడిగి తీసుకోండి. ఈ రోజుల్లో చాలా కంప్యూటర్లకి సీడీ పెట్టే చోటే లేదు. అందుకని పెన్ డ్రైవ్‌లోకి మొత్తం ఫోల్డరు కాపీ చేయించి రెండూ ఉంచుకోండి. ఫిల్ముని కిటికీకి ఆనించి ఫోన్లో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే సర్జన్ దాని మీద ఏ నిర్ణయమూ తీసుకోలేరు. కీమోకి ముందు తీసిన స్కాన్ అస్సలు పారేయొద్దు. కీమోతో గడ్డ బాగా చిన్నదైపోతే, అది ఎక్కడ ఉండేదో ఆ పాత స్కానే చెబుతుంది.

మొదటి ఆపరేషన్ డిశ్చార్జి కాగితం, బయాప్సీ రిపోర్టు, కీమో ఎన్నిసార్లు ఏ మందులతో ఇచ్చారో ఆ చార్టు, సీఈఏ లెక్కలన్నీ తేదీల వరసలో పెట్టండి. నేను ఒక కాగితం మీద సీఈఏ తేదీలు, అంకెలు చేత్తో రాసి ఫైలు మీదే అంటించాను. డాక్టర్లందరూ ముందు అదే చూసేవారు. మొదటి ఆపరేషన్‌లో తీసిన ముక్క మైనపు బిళ్లలో దాచి ఉంచుతారు, దాన్ని పారాఫిన్ బ్లాక్ అంటారు. కేఆర్ఏఎస్, ఎన్ఆర్ఏఎస్, బీఆర్ఏఎఫ్, ఎంఎస్ఐ అనే పరీక్షలకి అది కావాలి. ఏ మందు పనిచేస్తుందో వాటిని బట్టే తేల్చుతారు. ఆసుపత్రికి అర్జీ రాసి ఆ బ్లాకు తీసుకోండి, తీసుకున్నట్టు సంతకం పెట్టి, బ్లాకు మీది నంబరు రాసుకోండి.

రిపోర్టులకి లామినేషన్ చేయించకండి. ఈసీజీ, ఊపిరి పరీక్ష రిపోర్టులు చాలాచోట్ల వేడికి మారే కాగితం మీద వస్తాయి. లామినేషన్ మిషన్లోకి పెడితే నల్లగా మాడినట్టు అయిపోతాయి. వదిలేసినా కొన్ని నెలలకి అక్షరాలు వెలిసిపోతాయి. వచ్చిన రోజే జిరాక్స్ తీసి ఉంచుకోండి.

అడ్డపొగ సంగతి

మొదటి రోజు సర్జన్ "పొగ తాగుతారా అమ్మా?" అని అడిగితే అక్క లేదంది. బావా లేదన్నాడు. నేనూ నోరు మూసుకున్నాను. బయటికొచ్చాక నాకు మనసు ఒప్పలేదు. మా వైపు పల్లెల్లో ఆడవాళ్లు చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని పీలుస్తారని మన అందరికీ తెలుసు. అక్క కూడా చిన్నప్పటి నుంచి, పొలం పనిలో చేరినప్పటి నుంచి, రోజుకి రెండు మూడు చుట్టలు అలా అడ్డపొగ తాగేది. ఆమె లెక్కలో పొగ తాగడమంటే మగవాళ్ల బీడీ, సిగరెట్టు. ఆమె అబద్ధం చెప్పలేదు. నేను వెనక్కి వెళ్లి చెప్పాను. డాక్టరు కోప్పడలేదు. పొగ తాగేవాళ్లకి సీఈఏ కొంచెం ఎక్కువ ఉండొచ్చని, ఆపరేషన్‌కి కనీసం నాలుగు వారాల ముందు పూర్తిగా మానకపోతే కఫం పట్టి నిమోనియా వచ్చే ప్రమాదం ఎక్కువని చెప్పారు. దయచేసి మీ అమ్మ గురించి, అత్త గురించి ఈ ఒక్క మాట మీరే చెప్పండి. వాళ్లు చెప్పరు, సిగ్గుపడతారు.

అక్క మానడానికి చాలా కష్టపడింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక చెయ్యి చుట్ట కోసం వెతికేది. లవంగం నోట్లో పెట్టుకునేది. రెండుసార్లు తప్పింది. మూడోసారి తప్పలేదు.

ఊపిరి ఎంత ఉందో చూడటానికి గొట్టంలోకి ఊదిస్తారు. గాలి ఎంత వేగంగా వదులుతున్నారు, లోపలి గాలి రక్తంలోకి ఎంత బాగా చేరుతోంది, ఈ రెండూ కొలుస్తారు. కొన్నిచోట్ల మెట్లు ఎక్కించి చూస్తారు. ఆపరేషన్‌కి మూడు వారాల ముందే మూడు బంతుల స్పైరోమీటరు కొనండి. అది బయటికి ఊదేది కాదు, లోపలికి పీల్చేది. చాలామంది ఊదుతారు. పెదాలతో గొట్టం గట్టిగా పట్టుకుని మెల్లగా, లోతుగా పీలిస్తే బంతులు లేస్తాయి. లేచినవాటిని పడిపోకుండా కాసేపు నిలపాలి. అక్క మొదట ఒక బంతి లేపింది, విశాఖ వెళ్లేనాటికి రెండు నిలిపేది. పొద్దున్నే బావ ఆమెని మజ్జిగౌరమ్మ గుడి వైపు నడిపించేవాడు. చోడి (రాగి) అంబలి, గుడ్లు, పప్పు, చేపలు బాగా తినమన్నారు. కీమో వల్ల బక్కచిక్కిన మనిషి కొంచెమైనా కండ పట్టాకే టేబులెక్కాలి.

కీమో ముందా, ఆపరేషన్ ముందా అన్నది కేసుని బట్టి ఉంటుంది. అక్కకి జనవరి నుంచి మార్చి దాకా కీమో ఇచ్చి, మళ్లీ స్కాన్ తీశారు. కొత్తవి పుట్టలేదు, ఉన్నవి కొంచెం తగ్గాయి, అప్పుడే సర్జన్ తేదీ ఇచ్చారు. ఆక్సాలిప్లాటిన్ అనే మందు ఇచ్చిన రోజుల్లో చల్లటిది ముట్టుకోకూడదు. జనవరి చలిలో నూతినీళ్లు తగిలితే వేళ్లకి కరెంటు కొట్టినట్టు ఉండేదని ఏడ్చేది. నీళ్లు కాచి ఇవ్వండి. బెవాసిజుమాబ్ అనే మందు ఇస్తుంటే, దానితో గాయం మానడం ఆలస్యమవుతుంది, రక్తం కారొచ్చు. సాధారణంగా ఆరు వారాల ముందే ఆపేస్తారు. ఆఖరి డోసు తేదీ సర్జన్‌కి మీరే గుర్తు చేయండి. షుగరు మందులు, రక్తం పలచబడే మాత్రలు ఏవి ఎప్పుడు ఆపాలో కాగితం మీద రాయించుకోండి.

ఆపరేషన్ రోజు, ఆ తర్వాత వారం

కుడి ఊపిరితిత్తికి మూడు భాగాలు, ఎడమదానికి రెండు. గడ్డ అంచున ఉంటే దాని చుట్టూ కొంచెం మంచి భాగంతో కలిపి ముక్కలా కోసి తీస్తారు, దాన్ని వెడ్జ్ అంటారు. లోపలికి ఉంటే ఇంకొంచెం పెద్ద ముక్క, సెగ్మెంటు. ఇంకా లోపల, పెద్ద నాళాల దగ్గర ఉంటే ఒక భాగం మొత్తం. ఈ జబ్బులో ఊపిరితిత్తిని వీలైనంత మిగిల్చాలని చూస్తారు, ఎందుకంటే రేపు ఇంకో గడ్డ వస్తే మళ్లీ తీయాల్సి రావచ్చు. అక్కకి అంచున ఉన్నదానికి వెడ్జ్, లోపలిదానికి సెగ్మెంటు చేశారు. రెండు వైపులా ఉంటే సాధారణంగా ఒకవైపు చేసి, కోలుకున్నాక కొన్ని వారాలకి రెండోవైపు చేస్తారు.

పక్కటెముకల మధ్య చిన్న గాట్లు పెట్టి కెమెరాతో చేసే పద్ధతిని వ్యాట్స్ అంటారు. నొప్పి తక్కువ, త్వరగా లేస్తారు. ఛాతీ పెద్దగా తెరిచి చేస్తే సర్జన్ వేలితో ఊపిరితిత్తిని తడిమి, స్కాన్‌కి అందని చిన్న గడ్డని కూడా పట్టుకోవచ్చు. "కెమెరాతో చేస్తారా?" అని అడిగి, తెరిచి చేస్తామంటే చిన్నబుచ్చుకోకండి. ఎందుకో అడగండి, కారణం చెబుతారు. మత్తిచ్చాక ఆ వైపు ఊపిరితిత్తిని గాలి లేకుండా ముడుచుకునేలా చేసి, రెండోదానితో ఊపిరి నడిపిస్తారు. అందుకే ముందు అన్ని పరీక్షలు.

బయటికి తెచ్చేటప్పుడు పక్కటెముకల్లోంచి ఒక గొట్టం, దాని చివర నీళ్లున్న సీసా ఉంటాయి. అది చూసి మా మేనకోడలు కళ్లు తిరిగి పడిపోయింది. మీరు ముందే తెలుసుకోండి. మనిషి ఊపిరి తీస్తుంటే గొట్టంలో నీటిమట్టం పైకీ కిందికీ ఊగుతుంది, ఊగాలి. దగ్గితే బుడగలు వస్తాయి. కోసినచోటి నుంచి గాలి ఇంకా కారుతోందని దాని అర్థం. రోజురోజుకీ బుడగలు తగ్గాలి. అక్కకి మొదటి రోజు దగ్గు దగ్గుకీ బుడగలే. మూడో రోజు రాత్రి గట్టిగా దగ్గించినా రాలేదు. నాలుగో రోజు ఎక్స్‌రే తీసి గొట్టం తీసేశారు. సీసా ఎప్పుడూ మంచం కంటే కిందే ఉండాలి, పైకెత్తకూడదు. బాత్రూమ్‌కి వెళ్లేటప్పుడు దాన్ని పట్టుకునే మనిషి ఒకరు కావాలి, గొట్టం మడతపడకుండా చూడాలి. ఊడి వచ్చేస్తే కేకేసి నర్సుని పిలవండి, మీరు ఏమీ చేయకండి.

నొప్పి ఓర్చుకోవడం గొప్పతనం అనుకుంటారు మన ఆడవాళ్లు. ఇక్కడ అది ప్రమాదం. నొప్పికి భయపడి దగ్గకపోతే కఫం లోపలే ఉండి నిమోనియా అవుతుంది. నొప్పి ఉందని చెప్పించండి, మందు వేయించండి, ఆ తర్వాత దిండు గాటుకి గట్టిగా అదుముకుని దగ్గించండి. గంటగంటకీ బంతులు. మర్నాడే లేపి కూర్చోబెడతారు, నడిపిస్తారు. "అప్పుడే లేపేస్తారేటి" అని నర్సులతో గొడవపడొద్దు.

డిశ్చార్జి అయ్యాక వెంటనే ఇంటికి రాకండి. మేము గాజువాకలో పిన్ని ఇంట్లో వారం ఉన్నాం. జ్వరం, ఆయాసం ఒక్కసారిగా పెరగడం, దగ్గులో రక్తం, గాటు చుట్టూ చర్మం ఉబ్బి నొక్కితే కరకరమనడం, ఒక కాలు వాయడం, వీటిలో ఏది కనబడినా ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి. రాయగడ తిరిగొచ్చాక ఆరు వారాలు అక్కని నీళ్లబిందె ఎత్తనివ్వలేదు.

బయాప్సీ రిపోర్టు వచ్చాక రెండు సంగతులు అడగండి. తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ మిగిలిందా, గ్రంథుల్లో ఉందా? అక్కకి రెండింటికీ లేదన్నారు.

డబ్బు, రైలు

అక్కకి చేసినప్పుడు ఒడిశాలో బిజు స్వాస్థ్య కల్యాణ్ యోజన కార్డు నడిచేది. 2025 ఏప్రిల్ నుంచి ఆయుష్మాన్ భారత్‌తో కలిపి గోపబంధు జన ఆరోగ్య యోజన వచ్చింది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఇంట్లో ఆడవాళ్లకి అదనంగా ఇంకో 5 లక్షలు. ఆంధ్రాలోని ఎన్టీఆర్ వైద్య సేవ (ఇదివరకటి ఆరోగ్యశ్రీ) మనకి వర్తించదు, అక్కడికి వెళ్లి వాదించి లాభం లేదు. మీరు వెళ్లే ఆసుపత్రి మన స్కీములో ఉందా, ఈ ఆపరేషన్‌కి అక్కడ అనుమతి వస్తుందా అన్నది బయల్దేరకముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఆయుష్మాన్ హెల్ప్‌లైన్ నంబరు 14555. డబ్బు కట్టి చేయించుకుంటే, ఊపిరితిత్తి కోసి కుట్టే స్టేప్లర్ల ఖర్చు ప్యాకేజీలో ఉందా, విడిగా వేస్తారా అని అడిగి కాగితం మీద రాయించుకోండి. ఎన్ని వాడితే అన్నిటికీ బిల్లు వేసేచోట లెక్క చాలా పెరుగుతుంది.

రైల్లో క్యాన్సర్ రోగికి స్లీపరు, థర్డ్ ఏసీలో టికెట్టు పూర్తిగా ఉచితం, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం రాయితీ. చికిత్సకైనా, చెకప్‌కైనా వర్తిస్తుంది. ఆసుపత్రి డాక్టరు సంతకం, ముద్ర ఉన్న రైల్వే కన్సెషన్ ఫారం కావాలి, కౌంటర్లోనే తీసుకోవాలి. పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా విశాఖకి రైల్లో వెళ్తే ఘాట్ రోడ్డు కుదుపులు ఉండవు. గాటు పచ్చిగా ఉన్న మనిషికి అది చాలా పెద్ద విషయం.

ఆ తర్వాత

తీసేశాక కూడా మళ్లీ వచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. ముందే పట్టుకుంటే కొందరికి రెండోసారి కూడా తీస్తారు. అందుకే మొదటి రెండేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి సీఈఏ, సీటీ చేయిస్తారు. ఆ తర్వాత ఐదేళ్ల దాకా కొంచెం దూరం దూరంగా. పేగు లోపల చూసే కొలొనోస్కోపీ కూడా డాక్టరు చెప్పిన గడువుకి చేయించాలి. బాగానే ఉంది కదా అని పంట కోతల్లో తేదీ దాటబెట్టకండి. మా వైపు అందరూ చేసే తప్పు ఇదే, బావతో నాకు రెండుసార్లు గొడవ దీనిమీదే.

అక్క ఎడమవైపు ఆరు మిల్లీమీటర్ల మచ్చని సర్జన్ ముట్టుకోలేదు. కీమోకి తగ్గలేదు, పెరగనూ లేదు, పాత టీబీ గుర్తు కావచ్చు, పెరిగితే చూద్దామన్నారు. రిపోర్టు రాగానే నేను ముందు వెతికే లైను అదే. అక్టోబరు స్కాన్‌లో కూడా ఆరు అనే ఉంది. తర్వాతి స్కాన్ ఫిబ్రవరిలో. దానికి కన్సెషన్ ఫారం సంతకం పెట్టించి తెచ్చాను, జిరాక్స్ తీసి ఫైల్లో పెట్టాను.